వాల్వు రేడియో డయల్ దారం: పాతది లేదు, బొమ్మ లేదు, ఎలా చుట్టాలి?

మట్టెవాడ

అందరికీ నమస్కారం. మా తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేసేటప్పుడు కొన్న మర్ఫీ వాల్వు రేడియో ఒకటి మా ఇంట్లో ఉంది. చెక్క పెట్టె, ముందు గాజు డయల్, ఒక మీడియం వేవు, రెండు షార్ట్ వేవులు. లోపల ఐదు వాల్వులు: ఈసీహెచ్ 81, ఈఎఫ్ 89, ఈబీసీ 81, ఈఎల్ 84, ఈజడ్ 80. కొన్నిటి మీద బెల్ అని ముద్ర ఉంది. పాత కండెన్సర్లన్నీ ఒక తెలిసినాయన మార్చి ఇచ్చారు, సెట్టు బాగానే పలుకుతోంది. లోపల చెయ్యి పెట్టి గ్యాంగ్ (స్టేషన్ మార్చే ప్లేట్ల కండెన్సర్) తిప్పితే రాత్రిపూట స్టేషన్లు వస్తున్నాయి.

సమస్య డయల్ దారం, అంటే నాబ్ తిప్పినప్పుడు గ్యాంగ్‌నూ ముల్లునూ కదిలించే దారం. పాతది పీలికలై తెగిపోతే ఇక్కడే ఒక షాపులో ఇచ్చాను. వాళ్ళు చాలా రోజులు ఉంచుకుని, ఉన్న దారం మొత్తం పీకేసి, ఇది ఇప్పుడు ఎవరూ చేయరండీ అని వాపసు ఇచ్చారు. పాత దారం ముక్క కూడా ఇవ్వలేదు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఇంతే: గ్యాంగ్‌కు ఒక పెద్ద డ్రమ్ము, దాని లోపల ఒక కొక్కేనికి వేలాడుతున్న చిన్న స్ప్రింగు, ఛాసిస్ (లోపలి రేకు చట్రం) మీద మూడు చిన్న పుల్లీలు, కింద కుడివైపు ట్యూనింగ్ షాఫ్టు, పైన పట్టీ మీద జారే ముల్లు. ఏ దారం వాడాలి, ఎటు నుంచి ఎటు పోవాలి, షాఫ్టు మీద ఎన్ని చుట్లు వేయాలి, ముల్లు ఎక్కడ కట్టాలి అన్నవేవీ తెలియడం లేదు.

మా బాపు ఈ రేడియోలోనే వార్తలు వినేవారు. ఆయన నాబ్ తిప్పితే ముల్లు కదలాలి, తన చేత్తో తనే స్టేషన్ పట్టుకోవాలి అని నా కోరిక. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

గాలం

అన్నా, చేపలు పట్టే నైలాన్ తీగ వేసెయ్, ఎన్నేళ్ళయినా తెగదు. ఎక్కడైనా దొరుకుతుంది.

కాజీపేట జంక్షన్

తమ్మీ, దారం సంగతి తర్వాత, ముందు కరెంటు సంగతి. ప్లగ్గు పీకకుండా ఛాసిస్‌లో చెయ్యి పెట్టొద్దు, పీకిన తర్వాత కూడా వెంటనే పెట్టొద్దు. ఈఎల్ 84 ఉన్న సెట్టులో 250 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసినా అది ఫిల్టర్ కండెన్సర్లలో నిలిచే ఉండొచ్చు. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి తీసుకుని రెండు కొసలకూ ఇన్సులేషన్ ఉన్న వైర్లు వేసి, కండెన్సర్ ప్లస్‌కూ ఛాసిస్‌కూ మధ్య కొన్ని సెకన్లు ఆనించు, ఆ తర్వాత మీటరు పెట్టి సున్నాకు వచ్చిందని చూసుకో. నీ వాల్వుల పేర్లు ‘ఈ’తో మొదలవుతున్నాయి కాబట్టి ఫిలమెంట్లు 6.3 వోల్టులవి, సాధారణంగా ఇలాంటివి ట్రాన్స్‌ఫార్మర్ సెట్లు, ఛాసిస్ నేరుగా కరెంటు లైనుకు కలవదు. ఇది చదివేవాళ్ళలో ఎవరి సెట్టులోనైనా యూసీహెచ్, యూబీఎల్, యూవై అని ‘యూ’తో మొదలయ్యే వాల్వులు ఉంటే అది ఏసీ డీసీ సెట్టు, దాని ఛాసిస్ నేరుగా కరెంటు లైనుకే కలిసి ఉంటుంది, నాబ్ తీసేసి ఉత్త షాఫ్టు ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. ఆ సెట్టును ప్లగ్గులో ఉంచి డయల్ పని చేయకూడదు.

బొమ్మ లేదని దిగులు పడకు. దారి కనిపెట్టొచ్చు. గ్యాంగ్‌ను పూర్తిగా మూసెయ్, అంటే కదిలే ప్లేట్లన్నీ కదలని ప్లేట్ల లోపలికి వెళ్ళిపోవాలి. అప్పుడు కెపాసిటీ అన్నిటికన్నా ఎక్కువ, ఫ్రీక్వెన్సీ అన్నిటికన్నా తక్కువ. కాబట్టి ముల్లు మీడియం వేవులో 550 ఉన్న కొసన ఉండాలి. డయల్ మీద కిలోసైకిల్స్ (ఇప్పటి కిలోహెర్ట్జ్) రాసినా మీటర్లు రాసినా ఆ కొసన అంకె 550 దగ్గర్లోనే ఉంటుంది, ఎందుకంటే 300000ను 550తో భాగిస్తే 545 వస్తుంది. అవతలి కొసన మాత్రం తేడా తెలిసిపోతుంది, కిలోసైకిల్స్ అయితే 1600, మీటర్లు అయితే 190 దగ్గర. పని మొత్తం గ్యాంగ్ మూసి ఉంచే చెయ్యి. తెరిచి ఉంచితే స్క్రూడ్రైవర్ తగిలి ఒక్క ప్లేటు వంగినా అది పక్కదాన్ని రాస్తుంది, ఆ చోట స్టేషన్ బదులు గరగర వస్తుంది, దాన్ని సరిచేయడం దారం చుట్టడం కన్నా పెద్ద పని.

ఇప్పుడు డ్రమ్ము వ్యాసం కొలువు. గ్యాంగ్ తిరిగేది అర చుట్టు మాత్రమే, కాబట్టి దారం కదిలే దూరం వ్యాసాన్ని 1.57తో గుణిస్తే వస్తుంది. అది డయల్ మీద ముల్లు నడవాల్సిన దూరంతో సరిపోతే ముల్లు నేరుగా ఈ డ్రమ్ము దారం మీదే కూర్చుంటుందని అర్థం. సరిపోకపోతే ఇంకో చిన్న డ్రమ్మో రెండో దారమో ఉండి ఉండాలి, వెతకాలి.

ఆ తర్వాత టార్చి వేసి పుల్లీలు, షాఫ్టు జాగ్రత్తగా చూడు. ఎన్నో ఏళ్ళు దారం నడిచిన చోట లోహం నున్నగా మెరుస్తుంది, మిగతా చోట మసి, తుప్పు ఉంటాయి. పుల్లీ గాడిలో ఏ పక్క మెరుపు ఉందో చూస్తే దారం దాని మీదుగా పోయిందో కింద నుంచి పోయిందో తెలుస్తుంది. ఛాసిస్ మీద ఉన్న ఏ పుల్లీ ఊరికే ఉండదు. నువ్వు అనుకున్న దారిలో ఒక పుల్లీ మిగిలిపోయిందంటే ఆ దారి తప్పు.

దారం మొత్తం ఒక ఉచ్చులాంటిది. దాని రెండు కొసలూ డ్రమ్ము అంచులో ఉన్న చీలికలోంచి లోపలికే వెళ్తాయి, ఒకటి కదలని కొక్కేనికి, ఇంకొకటి స్ప్రింగుకు. డ్రమ్ము తిరిగినప్పుడు ఒక వైపు ఎంత దారం చుట్టుకుంటే రెండో వైపు అంతే విడవాలి. ఒక కొసన బిగిసిపోయి ఇంకో కొసన వదులైపోతోందంటే దారం ఎక్కడో గాడి తప్పినట్టు, లేదా డ్రమ్ము మీద చుట్టాల్సిన వైపు కాకుండా రెండో వైపు చుట్టినట్టు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నా అంచనా: డ్రమ్ము పైనుంచి బయల్దేరి ఎడమ పై పుల్లీ, అక్కడి నుంచి ముల్లు పట్టీ పొడవునా కుడి పై పుల్లీ, అక్కడి నుంచి కిందికి షాఫ్టు, షాఫ్టు మీద చుట్లు, ఆ తర్వాత మూడో పుల్లీ, మళ్ళీ డ్రమ్ము కింద వైపు. డ్రమ్ము, స్కేలు కొలిచి చెప్పు, ఖాయం చేద్దాం.

షాఫ్టు మీద రెండున్నర నుంచి మూడు చుట్లు చాలు. చుట్లు పక్కపక్కనే కూర్చోవాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. దారం ఒక పక్క నుంచి వచ్చి రెండో పక్క నుంచి పోవాలి. జారుతోందని నాలుగైదు చుట్లు వేస్తారు కొందరు, తిప్పుతుంటే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి బిగుసుకుని దారం మళ్ళీ తెగుతుంది.

గాలం తీగ మాత్రం వద్దు. దాని గురించి దారం తెలిసినవాళ్ళు చెప్తే బాగుంటుంది.

సిరిసిల్ల మగ్గం

దారం అన్నారు కాబట్టి వచ్చాను. మాది మగ్గాల పని, రేడియో పని అంతగా తెలియదు గానీ మా ఇంట్లో ఉన్న పాత సెట్టుకు దారం నేనే వేశాను, ఇప్పటికీ నడుస్తోంది.

చేపల తీగ ఒంటి పోగు. గట్టిదే, కాదనను. కానీ నున్నగా ఉంటుంది, షాఫ్టును పట్టుకోదు. పైగా చుట్టలో ఎలా ఉందో ఆ వంపు గుర్తుపెట్టుకుంటుంది, షాఫ్టు మీద మూడు చుట్లు వేస్తే అవి వదులు కాగానే విచ్చుకుని పక్కకు జారతాయి. దానిలోనే జడలా అల్లిన రకం కూడా వస్తుంది, అది సాగదు, బలం కూడా చాలా ఎక్కువ, కానీ దాని పోగు స్వభావమే జారుడు, ముడి కూడా నిలవదు.

నూలు దారం ఇంకో రకం ఇబ్బంది. పేనిన నూలు వానాకాలం తేమ పట్టి పొట్టిదవుతుంది, ఎండాకాలం వదులవుతుంది, మన వైపు ఎండల సంగతి తెలిసిందే కదా. స్ప్రింగు కొంత సర్దుతుంది గానీ మొత్తం సర్దలేదు. ఇంకా ఒక విషయం, పేనిన దారం లాగుడు మీద ఉంటే పురి విప్పుకుంటూ తనలో తను తిరుగుతుంది, ముల్లు దాని మీద కట్టి ఉంటే ముల్లు కూడా ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే డయల్ దారం పేనింది కాకుండా అల్లింది కావాలి. వేళ్ళ మధ్య పట్టుకుని రెండు కొసలూ దగ్గరికి తెచ్చి చూడండి, పేనింది అయితే మెలి పడి తనకు తనే చుట్టుకుంటుంది, అల్లింది అయితే ఊరికే వేలాడుతుంది. కొనేముందు షాపులోనే చూసుకోవచ్చు.

పతంగుల మాంజా వేద్దామని ఎవరికైనా అనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి. దాని మీద ఉన్న గాజుపొడి షాఫ్టును, పుల్లీ గాడిని ఆకురాయిలా అరగదీస్తుంది.

నేను వేసింది జకార్డు (మగ్గం మీద డిజైన్ వేసే యంత్రం) కింద వేలాడే దారం. పడుగు పోగులను పైకెత్తే పని దానిది, రోజంతా పైకీ కిందికీ పోతూనే ఉంటుంది, అది సాగిందంటే బట్ట మీద డిజైనే చెడిపోతుంది. అందుకని సాగని పాలిస్టర్‌తో గట్టిగా చేస్తారు. సన్న రకం అడగండి, ముప్పాతిక మిల్లీమీటరు లోపలే ఉండాలి. సిరిసిల్లలో మగ్గాల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది, కొత్తవాడలో నేసేవాళ్ళు ఎవరైనా తెలిసినవాళ్ళుంటే వాళ్ళనూ అడిగి చూడండి. కొన్ని రకాలకు మైనం లాంటి పూత ఉంటుంది, అది ఉంటే షాఫ్టు మీద చుట్టే భాగం వరకు స్పిరిట్ గుడ్డతో తుడిచేయండి.

అసలు డయల్ దారమే కావాలంటే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో అడగాలి. లేదంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో చెడిపోయిన టూ ఇన్ వన్ ఒకటి కొంటే దాంట్లో ఉన్న దారం మంచిదే ఉంటుంది, పొడవు చూసుకోండి, వాటిలో డ్రమ్ము చిన్నది కాబట్టి వాల్వు సెట్టుకు చాలకపోవచ్చు.

మట్టెవాడ

ఇద్దరికీ చాలా థాంక్స్. కొలిచాను. డ్రమ్ము వ్యాసం దారం గాడి దగ్గర 10.5 సెంటీమీటర్లు. డయల్ మీద 550 గీత నుంచి చివరి గీత దాకా 16.5 సెంటీమీటర్లు. అంటే లెక్క సరిపోయినట్టే కదా? పుల్లీలు కూడా చూశాను, అన్నింటికీ బయటి పక్కనే మెరుపు ఉంది. కొత్తవాడలో మా దోస్తు వాళ్ళింట్లో జకార్డు దారం దొరికింది, మీరు చెప్పినట్టు వేలాడదీసి చూశాను, మెలి పడలేదు.

మొదలుపెట్టే ముందు ఇంకో రెండు సంగతులు. ఎంత పొడవు కోసుకోవాలి? దారం ఒక పుల్లీ మీద పెట్టేసరికి వెనక పుల్లీ మీద నుంచి జారిపోతోంది, ఒక్కడినే చేయగలిగే పద్ధతి ఏదైనా ఉందా?

కాజీపేట జంక్షన్

10.5ను 1.57తో గుణిస్తే దాదాపు 16.5. ఇంతకన్నా బాగా సరిపోదు. మనం అనుకున్న దారి సరైనదే.

పొడవు కోసం మామూలు కుట్టు దారం తీసుకుని దారి మొత్తం ఒకసారి వేసి చూడు, షాఫ్టు చుట్లతో సహా. దాన్ని తీసి కొలిచి, ఇంకో జానెడు కలుపుకుని అసలు దారం కొయ్యి. కొసలు విచ్చుకోకుండా అగ్గిపుల్లతో కొంచెం కాల్చు, పాలిస్టర్ అయితే కరిగి మూసుకుంటుంది.

ఒక్కడివే చేయాలంటే డాక్టర్ టేపు ముక్కలు కొన్ని కత్తిరించి బల్ల అంచుకు అంటించి పెట్టుకో. గ్యాంగ్ మూసి, డ్రమ్ము కదలకుండా ఛాసిస్‌కు ఒక టేపు వెయ్యి. కదలని కొక్కెం వైపు నుంచి మొదలుపెట్టు. ముడి వేసి, చీలికలోంచి బయటికి తీసి, డ్రమ్ము గాడిలో పెట్టి అక్కడ ఒక టేపు, మొదటి పుల్లీ మీద పెట్టి ఒక టేపు, ఇలా దారం ఎక్కడ వంగుతుందో అక్కడ అంటించుకుంటూ పో. షాఫ్టు చుట్లు వేశాక వాటి మీద కూడా వెయ్యి. చివరికి డ్రమ్ము రెండో వైపు నుంచి చీలికలోకి దూర్చి స్ప్రింగు దగ్గరికి తీసుకురా.

స్ప్రింగుకు ముడి వేసేటప్పుడే చాలామంది దగ్గర పని చెడుతుంది, ఎందుకంటే ఒక చేత్తో స్ప్రింగు లాగి ఇంకో చేత్తో ముడి వేయాలని చూస్తారు. అలా చేయకు. స్ప్రింగును కొక్కెం నుంచి తీసి పక్కన పెట్టి, దారాన్ని చేత్తో బిగువుగా లాగి పట్టుకుని, స్ప్రింగు సాగకుండా ఉన్నప్పుడు దాని కొస ఎక్కడికి వస్తుందో దానికన్నా కొద్దిగా లోపలికి దారం మీద స్కెచ్‌పెన్నుతో గుర్తు పెట్టు. ఆ గుర్తు దగ్గర చిన్న ఉచ్చు ముడి వేసి స్ప్రింగు ఒక కొసకు తగిలించు. ఇప్పుడు జడపిన్ను వంచి కొక్కెంలా చేసుకుని, దాంతో స్ప్రింగు రెండో కొస లాగి డ్రమ్ము కొక్కేనికి వెయ్యి. స్ప్రింగు చుట్ల మధ్య సందులు కనిపించాలి, అలాగని పూర్తిగా సాగిపోయి తీగలా కాకూడదు. సగం సాగి ఉంటే అటూ ఇటూ సర్దుకోవడానికి చోటు ఉంటుంది. ముడి మీద గోళ్ళ రంగు ఒక చుక్క చాలు. ఫెవిక్విక్ వేయకు, అది దారంలోకి పాకి ఆ భాగాన్ని పుల్లలా చేస్తుంది, వంగే చోట విరుగుతుంది.

ఆ తర్వాత టేపులు వేసిన వరసలోనే తీసెయ్. ముల్లు ఇప్పుడే బిగించకు.

తిప్పి చూసినప్పుడు ముల్లు 550 కొస నుంచి కాకుండా అవతలి కొస నుంచి మొదలయ్యేలా ఉంటే డ్రమ్ము వైపు దారులు అటుదిటు అయ్యాయని అర్థం. ముల్లు సరిగ్గా నడిచి, నాబ్ కుడికి తిప్పితే అది ఎడమకు పోతుంటే షాఫ్టు చుట్లు ఎదురు వైపు వేశావని. రెండూ వేరు వేరు, ఒకదానికి ఇంకోటి మార్చకు.

కరీంనగర్ కమాన్

కాజీపేట అన్న చెప్పినదంతా సరైనదే. నేను రెండు విషయాలు కలుపుతాను, ఎందుకంటే చాలా సెట్లలో దారం బాగానే వేస్తారు, వారానికే మళ్ళీ జారడం మొదలవుతుంది, అప్పుడు దారాన్ని తిడతారు.

తప్పు ఎక్కువసార్లు గ్యాంగ్‌లో ఉంటుంది. దారం వేయకముందే డ్రమ్మును ఒక్క వేలితో తిప్పి చూడాలి. ఎక్కడా ఆగకుండా తిరగాలి. బరువుగా ఉంటే పాత గ్రీజు గట్టిపడింది. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క, సూది కొసతో, గ్యాంగ్ షాఫ్టు ముందూ వెనకా బేరింగుల దగ్గర వేయాలి, ప్లేట్ల మీద పడకూడదు. ట్యూనింగ్ షాఫ్టు బుష్షుకూ అంతే. దారం చుట్టే చోట మాత్రం నూనె వాసన కూడా తగలనీయకూడదు. అక్కడ స్పిరిట్‌తో తుడిచి, వయొలిన్ వాళ్ళు కమానుకు రాసే రోజిన్ పొడి కొంచెం వేలితో రాస్తే పట్టు బాగుంటుంది. సోల్డరింగ్ పేస్టు రాయకండి, అది జిడ్డు.

రెండోది రబ్బర్లు. చాలా సెట్లలో గ్యాంగ్ ఛాసిస్ మీద నేరుగా కూర్చోదు, స్పీకర్ అదురు దానికి తగలకుండా మధ్యలో రబ్బరు బుష్షులు ఉంటాయి. అరవై ఏళ్ళలో ఆ రబ్బరు కొన్నిచోట్ల రాయిలా గట్టిపడుతుంది, కొన్నిచోట్ల బెల్లం పాకంలా కరిగి కారిపోతుంది. గ్యాంగ్ ఒక పక్కకు ఒరిగితే డ్రమ్ము గాడి, పుల్లీ గాడి ఒక వరసలో ఉండవు, దారం గాడి అంచును రాసుకుంటూ పోయి ఒక రోజు దిగిపోతుంది. పక్క నుంచి కన్ను పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అవసరమైతే ముందు బుష్షులు మార్చి ఆ తర్వాతే దారం వేయాలి.

ఇంకోటి. గాజు డయల్ తీసినప్పుడు ముందు వైపు ఎంత తుడిచినా పర్వాలేదు, వెనక వైపు తడి గుడ్డ తగలనీయకండి. అక్షరాలు, అంకెలు వేసింది గాజు వెనక వైపే. ఆ రంగు ఇన్నేళ్ళకు గాజును సరిగా పట్టుకుని ఉండదు, కాలిన్ లాంటి గాజు తుడిచే మందు కొట్టి ఒక్కసారి తుడిస్తే స్టేషన్ల పేర్లు గుడ్డకు వచ్చేస్తాయి. పెయింట్ బ్రష్షుతో దుమ్ము దులిపి వదిలేయండి.

మట్టెవాడ

అన్నా, పని అయింది! మీరు చెప్పినట్టు ముందు గ్యాంగ్ చూశాను, వెనక వైపు రెండు రబ్బర్లు నిజంగానే కరిగిపోయి ఉన్నాయి, గ్యాంగ్ వెనక్కి ఒరిగి ఉంది. స్టేషన్ రోడ్డులో మోటారు సామాను దుకాణంలో వైరు దూర్చే రబ్బరు బుష్షులు దొరికాయి, సైజు సరిపోయింది. ఇప్పుడు డ్రమ్ము వేలితో అంటే చాలు తిరుగుతోంది. దారం వేశాను, రెండున్నర చుట్లు, నాబ్ కుడికి తిప్పితే ముల్లు కుడికే పోతోంది, ఏ కొసనా జారడం లేదు. టేపుల పద్ధతి లేకపోతే ఒక్కడితో అయ్యేది కాదు.

ముల్లు ఇంకా బిగించలేదు. ఎక్కడ పెట్టాలి? గ్యాంగ్ మూసి సరిగ్గా 550 గీత మీద పెట్టేస్తే అయిపోతుందా?

కాజీపేట జంక్షన్

సంతోషం తమ్మీ. రబ్బర్లు కూడా మార్చావు కాబట్టి ఇది ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

గ్యాంగ్ మూసినప్పుడు ముల్లు 550 గీత మీద కాదు, సాధారణంగా దానికి కొద్దిగా బయట, స్కేలు మొదలయ్యే చుక్క దగ్గరో ఖాళీలోనో ఉండాలి. చాలా డయళ్ళ మీద దీని కోసమే చిన్న గుర్తు ఉంటుంది. సుమారుగా అక్కడ పెట్టి, తర్వాత తెలిసిన స్టేషన్‌తో సరిచేసుకో. హైదరాబాద్ 738, విజయవాడ 837. నీ డయల్ మీటర్లలో ఉంటే హైదరాబాద్ 406 దగ్గర, విజయవాడ 358 దగ్గర. స్టేషన్ బాగా పలికే చోట నాబ్ ఆపి, దాన్ని కదలకుండా పట్టుకుని, ముల్లును ఒక్కదాన్నే దారం మీద జరిపి ఆ అంకె మీద పెట్టు. డయల్ మీద అచ్చు వేసిన ఊళ్ళ పేర్లను నమ్ముకోకు. 1978 నవంబరులో మీడియం వేవు స్టేషన్లన్నీ 9 కిలోహెర్ట్జ్ ఎడంతో కొత్త అంకెలకు మారాయి, నీ సెట్టు అంతకు ముందుది కాబట్టి పేర్లకూ ఇప్పటి చోట్లకూ కొంచెం తేడా ఉంటుంది. అంకెలు మాత్రం ఎప్పుడూ అంకెలే.

పగలు స్టేషన్ సరిగా రాకపోతే ఇంకో ఉపాయం ఉంది. అంకెలు తెర మీద కనిపించే డిజిటల్ రేడియో, మీడియం వేవు ఉన్నది, ఎవరి దగ్గరైనా తీసుకో. వాల్వు సెట్టు లోపలి ఆసిలేటర్ (సొంతంగా తరంగం పుట్టించే భాగం) నువ్వు పెట్టిన స్టేషన్ కన్నా 455 కిలోహెర్ట్జ్ పైన మోగుతూ ఉంటుంది, ఆ తరంగం కొద్దిగా బయటికి కూడా వస్తుంది. 738కి 455 కలిపితే 1193. డిజిటల్ రేడియోను 1193 దగ్గర పెట్టి వాల్వు సెట్టు పక్కనే ఉంచి, వాల్వు సెట్టు నాబ్ మెల్లగా తిప్పు. ఒక చోట డిజిటల్ రేడియోలో సుయ్యిమనే గోల ఒక్కసారిగా తగ్గి మెత్తబడుతుంది. అక్కడ నీ సెట్టు 738 మీద ఉన్నట్టు. కొన్ని కంపెనీల సెట్లలో 455 బదులు 452 కానీ 470 కానీ ఉంటుంది, కాబట్టి ఒకటి రెండు చోట్ల సరిచూసుకో.

కింది కొసన సరిపోయి పైన 1400, 1500 దగ్గర ముల్లు పక్కకు పోతుంటే మళ్ళీ ముల్లు జరపకు, అది ఆసిలేటర్ ట్రిమ్మర్ పని. సాధారణంగా గ్యాంగ్ మీదో కాయిల్ పక్కనో చిన్న స్క్రూ ఉంటుంది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో, ఒక్కసారికి పావు చుట్టు కన్నా తక్కువ తిప్పుతూ, పైన ఉన్న తెలిసిన స్టేషన్ తన అంకె మీదికి వచ్చేలా చెయ్యి. ఆ తర్వాత మళ్ళీ కింది కొస చూడు, అక్కడ తేడా వస్తే ఆసిలేటర్ కాయిల్ కోర్ కొద్దిగా, మళ్ళీ పైన ట్రిమ్మర్, రెండూ కుదిరేదాకా. వాల్వుల పక్కన ఉన్న అల్యూమినియం డబ్బాలు మాత్రం ముట్టుకోకు, అవి ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు, మీటరూ సిగ్నల్ జెనరేటరూ లేకుండా వాటిని తిప్పితే సెట్టు మూగబోతుంది. ఈ పనంతా ప్లగ్గు పెట్టి ఉండగానే చేయాలి కాబట్టి ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, కాళ్ళకు చెప్పులు వేసుకుని చెయ్యి.

అంతా కుదిరాక ముల్లు దారాన్ని పట్టుకునే చోట గోళ్ళ రంగు ఒక చుక్క వేసి, అది ఆరేదాకా నాబ్ ముట్టుకోకు.